మెడ మీద చెయ్యి

మన భాషలో మెడకీ చేతికీ మొదట్నుంచీ పడలేదు. గిట్టనివాణ్ణి మెడపట్టి గెంటుతాం. పొగరుబోతు మెడలు వంచుతాం. అప్పులవాడు పీక మీద కూర్చుంటాడు. మంచి ఉద్దేశంతో మెడ దాకా వెళ్ళే చెయ్యి ఒక్కటే కనిపిస్తుంది, మూడు ముళ్ళు వేసేది. అది మంచిదో కాదో తేలడానికి కూడా కొన్నేళ్ళు పడుతుంది.

అలాంటి మెడని, ముక్కూ మొహం తెలియని మనిషి చేతుల్లో, అదీ మన వెనక నిలబడ్డ మనిషి చేతుల్లో కిక్కురుమనకుండా పెట్టే చోటు ఒకటుంది. థైరాయిడ్ గ్రంథిని పరీక్ష చేసే డాక్టరుగారి స్టూలు. క్షౌరశాల మాట వేరు. అక్కడ కనీసం ఎదురుగా అద్దం ఉంటుంది.

మా మేనల్లుడు వైద్యం చదువుతున్నాడు. ఈ పరీక్ష నేర్చుకునే రోజుల్లో మా ఇంట్లో ఎవరి మెడా వాడి చేతినుంచి తప్పించుకోలేదు. మనిషిని కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి దించమంటాడు. మెడ కండరాలు వదులవాలిట. వెనకనుంచి రెండు చేతుల వేళ్ళూ ముందుకి పోనిస్తాడు. కంఠమణి కింద ఉంగరంలాంటి మృదులాస్థి, దాని కిందుగా గాలిగొట్టానికి అడ్డంగా చిన్న వంతెన, అటూ ఇటూ రెండు రెక్కలు. సీతాకోకచిలుక అన్నమాట. మొత్తం తూకం 20 గ్రాములు, కాస్త అటూ ఇటూగా. "ఇప్పుడు గుటక వెయ్యండి" అంటాడు. ఆ గ్రంథి గాలిగొట్టాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది గనక, మింగినప్పుడు గొట్టంతో పాటు తనూ పైకి లేచి వేళ్ళ కిందనుంచి జారుతుంది. మెడలో వచ్చే తక్కిన వాపులు చాలామటుకు అలా లేవవు. రెండు పక్కలా ఒకేసారి గట్టిగా మాత్రం నొక్కకూడదు. మెదడుకి నెత్తురు మోసే నాళాలు అక్కడే ఉన్నాయి.

నాలుగోసారికి వాళ్ళ అమ్మమ్మ విసుక్కుంది. "మింగు మింగు అంటావు, మింగడానికేదైనా పెట్టరా ముందు!" అని. నవ్వుకున్నాం గాని ఆవిడన్నది శాస్త్రమే. వట్టి గుటకలు రెండు మూడు వేసేసరికి నోరెండిపోతుంది. పక్కన గ్లాసుడు నీళ్ళుంచుకోమని వాళ్ళ పుస్తకాలే చెబుతాయి.

ఇంటిల్లిపాదినీ తడిమి వాడు మొహం వేలాడేశాడు, ఏమీ తగల్లేదని. ఆరోగ్యమైన మెడలో ఆ గ్రంథి తరచు చేతికి అందీ అందనట్టే ఉంటుంది. అంచేత ఈ విద్యలో మొదటి పాఠం, లేనిదాన్ని గుర్తుపట్టడం. "ఏమీ లేదమ్మా, వెళ్ళిరా" అని ధైర్యంగా చెప్పాలంటే ఏమీ లేని మెడలు బోలెడు చూసి ఉండాలి.

ఇంతవరకూ తగువు లేదు. ఇంట్లో మెడలు అయిపోయాక వార్డుకి వెళతారు చూశారూ, అక్కడొచ్చింది నా పేచీ.

గళగండం ఉన్న మనిషి వార్డులో చేరితే విద్యార్థులకి పండగ. సాధారణంగా ఆడమనిషే అయి ఉంటుంది. ఈ జబ్బులు వాళ్ళకే ఎక్కువ. నల్లపూసలు పక్కకి జరుపుకుని కూర్చుంటుంది. మొదట ప్రొఫెసరు చూస్తారు. అది వైద్యం. తర్వాత ఒకరి వెనక ఒకరు పదిమంది. ఆ పదకొండో చెయ్యి ఏమిటి? ఆవిడ జబ్బుకి దానివల్ల వీసమెత్తు లాభం లేదు. లాభం మీకూ నాకూను. రేపు ఫీజు కట్టి, చల్లటి గదిలో, అనుభవం గల డాక్టరుకి మెడ చూపించుకుంటామే, ఆ అనుభవం ఏ మెడల మీద వచ్చిందనుకున్నారు? ఫీజు కట్టలేని మెడల మీద. ఉచితవైద్యం అంటాం గాని, ఆవిడ ఇవ్వవలసింది ఇస్తూనే ఉంది. రసీదు రాసేవాడు లేడంతే.

స్కానింగు ఉండగా ఈ తడుములాట ఎందుకంటారు కొందరు. చేతికి అందని మిల్లీమీటర్ల గడ్డల్ని కూడా అది పట్టిస్తుంది, నిజమే. దక్షిణ కొరియాలో ఏ బాధా లేనివాళ్ళ మెడలకి కూడా స్కాను పెట్టి చూడడం పెరిగాక, 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సరు బయటపడడం 1993తో పోలిస్తే 15 రెట్లయింది. ఆ జబ్బుతో పోయేవాళ్ళ సంఖ్య మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంది. చెయ్యి మొద్దుదే, కొన్ని సంగతుల్లో ఆ మొద్దుతనమే మేలేమో.

పైగా ఈ చేతివిద్య ఒక లోయని మార్చింది. మన శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నంలో వైద్యం చదివిన వులిమిరి రామలింగస్వామిగారూ, సహచరులూ 1956లో హిమాలయాల దిగువ కాంగ్రా లోయలో పని మొదలుపెట్టారు. లోయని మూడు భాగాలు చేసి, రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు పంపించారు. పిల్లల మెడలు చూసి లెక్కలు కట్టారు. గళగండం అనడానికి 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన కొలత ఒకటుంది: గ్రంథి రెక్క బొటనవేలి చివరి కణుపుని మించితే గళగండం కింద లెక్క. డాక్టరుగారి బొటనవేలు కాదు సుమండీ! మెడ ఎవరిదో వేలూ వారిదే. ఇంత మర్యాదైన కొలబద్ద నేనింకోటి చూడలేదు.

1962 నాటికి అయొడిన్ ఉప్పు తిన్నచోట వాపులు బాగా తగ్గాయి, మామూలు ఉప్పు తిన్నచోట తగ్గలేదు. ఆ ఏడే దేశమంతటికీ గాయిటర్ నివారణ కార్యక్రమం వచ్చింది. మన వంటింటి ఉప్పు పొట్లం వెనక ఆ లోయ ఉంది. నాకు మాత్రం ఆ మూడోభాగం వాళ్ళే గుర్తొస్తారు. వాళ్ళ మెడలు తగ్గకపోబట్టే మనకి నిజం తెలిసింది. తర్వాత వాళ్ళకీ ఆ ఉప్పే ఇచ్చారు గనక బాకీ కొంతైనా తీరిందనుకోవాలి. వార్డులో ఆవిడ బాకీ మాటేమిటి?

"కనీసం ముందు అడగండిరా" అన్నాను మావాడితో.

"అడిగితే కాదంటుందా మావయ్యా?" అన్నాడు.

అదే మరి! మంచం వాళ్ళది, మందు వాళ్ళది. కాదనలేని మనిషిని అడగడం అడగడం కిందికొస్తుందా? అయినా అడగాలనే అంటాను. అడగాలంటే ఎదురుగా రావాలి. పుస్తకం కూడా ముందు ఎదట నిలబడి కళ్ళతో చూసి, ఆ తర్వాతే వెనక్కి వెళ్ళమంటుంది. ఎదట నిలబడ్డవాడికి మెడ పైన మొహం కూడా కనిపిస్తుంది. ఆ మొహంలో విసుగో భయమో చూసి పదకొండోవాడు ఆగిపోవచ్చు. ఆగితే ఆ పూట పాఠం పోతుంది. పోనీ అంటాను నేను.

"అలా నేను వదిలేసిన పాఠం రేపు ఎవరి మెడ మీదికి వస్తుందో?" అంటాడు వాడు. దానికి నేను చెప్పగలిగిన జవాబు లేదు.

మొన్న వాడే ఓ సంగతి చెప్పాడు. ఒకావిడ మెడ మీద వాడి వేళ్ళు కంఠమణి దగ్గరే తచ్చాడుతున్నాయిట. ఆవిడ తల తిప్పకుండానే, "ఇంకాస్త కిందికి బాబూ, మీ పెద్ద డాక్టరుగారు అక్కడే ఆగారు" అని, అడక్కుండానే గుటక వేసిందిట. దొరికిందిట.

"పేరేమిట్రా ఆవిడది?" అన్నాను.

మావాడు మంచం నంబరు చెప్పాడు.