నిర్విఘ్నత కోరవచ్చునా?

తెలుగువారి ఇండ్లలో ఏ శుభకార్యమైనా, తలపెట్టిన పని ఏ అడ్డంకీ లేకుండా పూర్తి కావాలని సంకల్పం చెప్పుకొని, గణపతిని అర్చించిన తరువాతనే మొదలవుతుంది. ఈ ఆచారం వెనుక ఒక కఠినమైన ప్రశ్న ఉంది: సర్వాన్నీ తన ఇచ్ఛతో నడిపే భగవంతుణ్ణి, జీవితం సాఫీగా సాగనిమ్మని భక్తుడు అడగవచ్చునా? వెలనాటి తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, మాయతో నిమిత్తం లేకుండానే జగత్తంతా బ్రహ్మమని చెప్పే శుద్ధాద్వైతాన్ని ప్రతిపాదించిన వల్లభాచార్యులు (1479-1531) అడగకూడదనే సమాధానమిచ్చారు.

షోడశ గ్రంథాలని పేరుపొందిన ఆయన పదహారు చిన్న కృతులలో ‘వివేకధైర్యాశ్రయం’ ఒకటి. హరి చేసేదంతా తన ఇచ్ఛ చొప్పుననే చేస్తాడని ఎరగడం అందులో వివేకం. స్వామి అభిప్రాయమేమిటో సేవకునికి తెలియనప్పుడు ప్రార్థించి సాధించేదేమిటని ఆచార్యులు నిలదీస్తారు. ఆధ్యాత్మిక, ఆధిభౌతిక, ఆధిదైవికాలనే మూడు విధాల దుఃఖాన్ని, అంటే తనలోంచి, తోటి ప్రాణులనుంచి, దైవికంగా వచ్చిపడే బాధలను, మరణపర్యంతం ఓర్చుకోవడం ధైర్యం. ఏ స్థితిలోనైనా హరినే శరణ్యంగా పట్టుకోవడం ఆశ్రయం. అయితే ఉపశమనం దానంతటదే లభించినప్పుడు దాన్ని కాదని బాధనే పట్టుకు వేలాడవద్దని కూడా ఆయన చెప్పారు. కష్టాన్ని కోరి తెచ్చుకొనే వైరాగ్యానికీ ఈ మార్గానికీ గల దూరమంతా ఈ ఒక్క మినహాయింపులో కనిపిస్తుంది కనుక, దీన్ని విస్మరించి వల్లభమతాన్ని చదవడం అన్యాయం.

ఈ బోధ ఒక జీవితంలో ఎలా పనిచేసిందో చూడాలంటే ఢిల్లీ పక్కనున్న ఫరీదాబాద్ వైపు తిరగాలి. అక్కడి సీహీ గ్రామమే ఆచార్యుల శిష్యుడైన భక్తకవి సూరదాసు జన్మస్థలమని, ఆయన పుట్టుగుడ్డి అని వల్లభ సంప్రదాయానికి చెందిన హరిరాయలు 17వ శతాబ్దిలో రాశారు. ఆగ్రా సమీపంలోని రునకతా కూడా ఆయన తమవాడేనని చెప్పుకొంటుంది, పండితులు ఈ విషయంలో ఏకాభిప్రాయానికి రాలేదు. ఆగ్రా, మథురల నడుమ గౌఘాట్‌లో ఆచార్యుల ఎదుట సూరదాసు తన పతితత్వాన్ని ఏకరువు పెట్టే పదాలు పాడగా, ఆ దైన్యం చాలించి భగవల్లీలను పాడమని ఆయన ఆదేశించి, భాగవత దశమస్కంధ సారాన్ని బోధించారని ఆ సంప్రదాయపు భక్తుల కథల గ్రంథం ‘చౌరాసీ వైష్ణవన్ కీ వార్తా’ చెబుతుంది. గమనించవలసినదేమంటే, ఆ ఘట్టంలో గురువు శిష్యుని అంధత్వాన్ని తొలగించలేదు, శిష్యుడూ ఆ వరం అడగలేదు. మారినది పాట ఒక్కటే. అంతవరకు తన కొరత చుట్టూ తిరిగిన పాట ఆపైన బాలకృష్ణుని ఆటపాటల మీదికి మళ్లింది.

ఇది అందరికీ మింగుడుపడే బోధ కాదు. ఎవరికి వారు తమ విషయంలో పాటించుకోవలసిన ఈ నియమాన్ని, బిడ్డ జబ్బు నయం కావాలని మొక్కుకొనే తల్లికి పాఠంగా వినిపించడం క్రూరత్వమే అవుతుంది. అలాగని గృహస్థుని సంకల్పమూ వల్లభుల శరణాగతీ చివరికి ఒకటేనని సర్దిచెప్పడమూ సరికాదు. అన్యాశ్రయాన్ని, అంటే ఏదో పని నెరవేరడం కోసం మరొక దైవాన్ని ఆశ్రయించడాన్ని, వల్లభులు స్పష్టంగా నిషేధించారు. గృహస్థుని సంకల్పం ఫలాన్ని కోరుతుంది, వల్లభుల శరణాగతి ఫలదాతనే కోరుతుంది.