అబద్ధికుల ద్వీపములో స్వస్థమైన విశ్వాసము

(ధ్యాన భాగము: తీతుకు వ్రాసిన పత్రిక, మూడు అధ్యాయములు)



పౌలు భక్తుడు తీతును విడిచి వచ్చిన స్థలము ఒక ద్వీపము. మన కోనసీమయు నీళ్ల నడుమ నున్న లంకయే. ఒక ప్రక్క గౌతమి, మరియొక ప్రక్క వసిష్ఠ, మధ్య వైనతేయ, దక్షిణమున సముద్రము. కాబట్టి క్రేతు ఎట్టిదో కాట్రేనికోన ప్రాంతపు విశ్వాసులకు మేము ఎక్కువగా వివరింప నక్కరలేదు. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో ఆ ద్వీపము దాపున మంచిరేవుల నుండి ఓడ విప్పినవారు మెల్లని దక్షిణపు గాలిని నమ్మి పెనుగాలిలో చిక్కుకొనిరి. 1996 నవంబరు 6వ తేదీ రాత్రిని కన్నులార చూచిన మన పెద్దలు ఆ అధ్యాయమును చదువునప్పుడు నడుమ ఒకసారి ఆగుదురు. పుస్తకము చూచి తెలిసికొన్న సంగతి కాదు గదా వారికి!

అయితే పౌలు తీతును అచ్చట ఉంచినది గాలివానకు కాదు. ఆ దేశపు మనుష్యుల నడుమ సంఘమును కట్టుటకు. వారు ఎట్టివారో వారి ప్రవక్తయే సాక్ష్యమిచ్చెనని మొదటి అధ్యాయములో వ్రాయుచున్నాడు. ఎల్లప్పుడు అబద్ధమాడువారు, క్రూరులు, పని చేయక తిండికి మాత్రము ముందుండువారు. ఇది ఊరి వెలుపలివాడు వేసిన నింద కాదు, సొంత కవి మాట. ఇట్టి చోట మన సంఘము ఎట్లు నిలుచునని తీతు దిగులుపడి యుండవచ్చును. అతడు దిగులుపడెనని పత్రిక చెప్పదు గాని, అట్టి ఊరిలో పని చేసిన ఏ సేవకుని అడిగినను చెప్పును.

పౌలు ఇచ్చిన మందు ఏమి? ఊరు విడిచి పొమ్మని చెప్పలేదు. ఊరితో కలహించుమనియు చెప్పలేదు. విశ్వాసమందు స్వస్థులుగా ఉండుడని చెప్పెను. గ్రీకు భాషలో ఆ మాట శరీర ఆరోగ్యమునకు వాడు మాటయే. తప్పిపోయిన కుమారుడు ఇంటికి చేరినప్పుడు, అతడు క్షేమముగా వచ్చెనని దాసుడు అన్నకు చెప్పిన చోట లూకా వాడినది అదే. ఆరోగ్యవంతుడనగా నీడపట్టున కూర్చుండినవాడు కాడు. శ్రావణమాసపు బురదలో రోజంతయు నాట్లు వేసి, రాత్రి అన్నము తిని, తెల్లవారి మరల లేచువాడు. జ్వరమున్నవానికి నోటిరుచి పోవును. మొదట నోటియందే రోగము తెలియును. క్రేతువారి రోగము కూడ నోటియందే తెలిసినది: అబద్ధము.

ఈ సంగతిని మనము జాగ్రత్తగా గమనింపవలెను. విరోధమైన లోకము విశ్వాసిని ఎప్పుడును సింహముల గుహలోనికే త్రోయదు. ఎక్కువగా చిన్న అబద్ధమొకటి చెప్పుమని అడుగును. అది చెప్పినయెడల అందరికిని సుఖము.

మన తెలుగు దేశములో మొదటి విశ్వాసులను ఊరు ఏమి అడిగినదో చూడుడి. గోదావరి మండలమునకు 1836వ సంవత్సరములో బౌడెను, బీరు అను ఇద్దరు దొరలు భార్యలతో వచ్చిరి. దొరలని మనము అందుము గాని, ఇంగ్లండులో ఒకరు రాళ్లు చెక్కు తాపీపనివాడు, మరియొకరు చెప్పులు కుట్టువాడు. తోలు ముట్టినవానిని ఊరి వెలుపల నుంచిన దేశమునకు దేవుడు చెప్పులు కుట్టువానిని పంపెను! దీనిని గూర్చి ఒక ప్రసంగమంతయు చేయవచ్చును. అది మరియొకప్పుడు.

ఒంగోలు ప్రాంతపు సాక్ష్యము మనకు ఇంకను స్పష్టముగా ఉన్నది. యెర్రగుంట్ల పేరయ్య అను మాదిగ కులస్థుడు తోళ్ల వ్యాపారము చేయుచు, దేవుని వెదకుచు, గురువుల యొద్ద యోగము నేర్చినవాడు. ఆయనయు భార్య నాగమ్మయు 1866వ సంవత్సరములో బాప్తిస్మము పొందిరి. 1867 జనవరి 1న ఒంగోలు బాప్తిస్టు సంఘము ఎనిమిదిమందితో కూడెను. ఆ పల్లెలలో విశ్వసించినవారికి క్లౌ దొర చెప్పిన కట్టడలు మూడే: ఆదివారము పని చేయవద్దు, చచ్చిన గొడ్డు మాంసము తినవద్దు, విగ్రహములకు మ్రొక్కవద్దు. మూడు చిన్న మాటలు. కాని ఊరి కట్టుబాటంతయు ఆ మూటి మీదనే ఆనుకొని యుండెను. గొడ్డు చచ్చినప్పుడు లాగువాడెవడు? దాని మాంసమే కూలిగా పుచ్చుకొని తృప్తిపడువాడెవడు? జాతరలో డప్పు కొట్టువాడెవడు? కోతల దినములలో ఆదివారము పిలిచినప్పుడు రాననువాడు ఎట్టివాడు? కొన్ని ఊళ్లలో పెద్దలు వారికి పనులు ఆపిరి, వారిని వెలివేసిరి, కొట్టించిరి.

ఇప్పుడు ఒక మాట అడుగుదము. ఆ డప్పు ఒక్కసారి కొట్టి, మనస్సులో యేసుప్రభువును తలచుకొనియుండిన ఏమి పోవును? అట్లు సలహా చెప్పినవారు ఆ దినములలో లేకపోలేదని ఊహించుటకు గొప్ప జ్ఞానము అక్కరలేదు. ప్రతి తరములోను ఉందురు. ఆ చదువురాని పెద్దలు కొట్టలేదు. డప్పు చర్మములో పాపమున్నదని కాదు. చేతితో ఒకటి, మనస్సులో ఒకటి అను బ్రతుకునకు వారు విసిగియుండిరి. రెండు నాల్కల బ్రతుకు వారికి బానిసతనమే నేర్పిన విద్య. క్రీస్తు వారికి మొదట ఇచ్చినది, దొర యెదుట నున్నట్లే ఇంటను ఉండు ధైర్యము.

తరువాత 1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు వచ్చెను. క్లౌ దొర బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము ఒప్పందముగా తీసికొని వేలమందికి కూలి చూపెను. జనులు బాప్తిస్మము అడిగిరి. ఏడాదికి పైగా ఆయన ఇయ్యలేదు. అన్నము కొరకు వచ్చిరని ఎవరును అనకూడదు, వచ్చినవారు తమను తాము కూడ అట్లు అనుకొనకూడదు. కరవు పని తీరిన పిమ్మట 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మనలను బియ్యపు క్రైస్తవులని ఎగతాళి చేయువారు నేటికిని కలరు. వారికి కోపముతో జవాబియ్య నక్కరలేదు. ఈ సంగతిని నెమ్మదిగా చెప్పవచ్చును.

ఇక మన దినములకు వత్తము. నేడు డప్పు స్థానములో ఒక కాగితమున్నది. ఏ కాగితమో చదువరులకు తెలియును. దీనిని గూర్చి సంఘములలో గుసగుసలే గాని బహిరంగముగా మాట తక్కువ.

1950లో రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులముల హక్కులను హిందువులకు మాత్రమే అని నిర్ణయించెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రములో షెడ్యూల్డు కులముల నుండి క్రైస్తవులైనవారు బి.సి. 'సి' తరగతిలో నుందురు. వారికి నూటికి ఒకటి. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను మతమును బట్టి ఈ భేదము ఉండరాదని సిఫారసు చేసెను. 2022లో బాలకృష్ణన్ కమిషనును నియమించిరి. 2025లో మన రాష్ట్ర హైకోర్టు, క్రైస్తవుడైనవాడు అట్రాసిటీ చట్టపు రక్షణ కోరజాలడని తీర్పు చెప్పినది. అనగా చెంపదెబ్బ కొట్టినవానికి ఇతని కులము జ్ఞాపకమున్నను, చట్టము మరచిపోవును. ఇది న్యాయము కాదని మేము తలంచుచున్నాము. చెప్పుటకు వెనుదీయము.

కావున కాగితము ఉంచుకొన్న తండ్రిని ప్రసంగవేదిక మీదనుండి కొట్టుట మాకు ఇష్టము లేదు. అతని కుమార్తెకు కళాశాలలో చోటు అందువలననే దొరకినది. నా కులమిది అని అతడు చెప్పినప్పుడు అబద్ధమాడలేదు. బాప్తిస్మపు నీళ్లు ఊరి కన్నులను కడుగలేదు గదా. చిక్కంతయు మతము అను ఆ ఒక్క గడిలో నున్నది. ఆదివారము రొట్టె విరిచిన చేయి సోమవారము ఆ గడిలో వేరొకటి వ్రాయును. బిడ్డ ప్రక్కన నిలువబడి చూచుచుండును. పరీక్ష ఫీజు కంటె ఆ బిడ్డ నేర్చుకొన్న పాఠము మనకు ఎక్కువ దిగులు కలిగించుచున్నది. సంఘములో ఒక పేరు, బడిలో ఒక పేరు. ఈ వాడుక ముప్పది యేండ్లు సాగినప్పుడు, చెప్పు ప్రతి మాటకు రెండు అర్థములున్నవని బిడ్డ నిశ్చయించుకొనును. క్రేతువారు పుట్టుకతో అబద్ధికులు కారు. ఎవరో నేర్పియుందురు.

ఒకవేళ ఒక కుటుంబము మనస్సాక్షి నిమిత్తము ఆ గడిలో సత్యము వ్రాయ నిశ్చయించుకొన్నయెడల, దాని ఖరీదు ఎవరు చెల్లింపవలెను? ఆ తండ్రి ఒక్కడేనా? ప్రసంగము సంఘముది, నష్టము కుటుంబముదా? గుడికి కొత్త గోపురము, కొత్త మైకులు కొనుటకు చందా ఎత్తగలిగిన సంఘము, అట్టి ఒక బిడ్డ చదువును భరింపలేనని చెప్పినయెడల, సత్యమును గూర్చి ఆ కుటుంబముతో మాటలాడు హక్కు దానికి లేదు.

మరియొక సంగతియు దాచరాదు. ఊరు మనలను వేరుగా చూచుచున్నదని మొర పెట్టుచు, మాలపల్లెలో ఒక ప్రార్థనాలయము, మాదిగపల్లెలో మరియొకటి కట్టుకొని, పెండ్లి మాట వచ్చినప్పుడు యూదుడనియు గ్రీసుదేశస్థుడనియు లేదను వాక్యమును మడిచి దాచుకొందుము. వెలుపలి విరోధమునకు ముందు ఈ జ్వరమునకు మందు కావలెను.

ఇప్పుడు మూడవ అధ్యాయము మొదటి మాటలు చూడుడి. అధికారులకు లోబడుట, ఎవరిని దూషింపకుండుట, జగడమాడకుండుట, అందరియెడల సాత్వికము. ఎవరిని అనగా విశ్వాసులను మాత్రమే కాదు. ఆ అబద్ధికులైన క్రేతువారిని కూడ. వెంటనే కారణము చెప్పుచున్నాడు: మనమును ఒకప్పుడు అట్టివారమే, మన నీతిక్రియలను బట్టి రక్షింపబడలేదు. కనుమనాడు జగ్గన్నతోటకు ప్రభలు పోవును. వాటిని మోయువారు పంటచేలలోను కౌశిక నీళ్లలోను దిగి నడుతురు; తన చేను త్రొక్కబడిన రైతు అలుగడు. మనము అచ్చట మ్రొక్కము. కాని వారి దేవతలను మైకులో వెక్కిరించువాడు సువార్తికుడు కాడు, క్రేతువాని తమ్ముడు. చేను త్రొక్కబడినను అలుగని ఆ రైతును చూచి, గట్టు తగవుకు కోర్టుకెక్కిన మన సంఘ పెద్దలు సిగ్గుపడిన మంచిది. జాతర చందా అడుగవచ్చినప్పుడు, అయ్యా, దానికి ఇయ్యలేము, చెరువు పూడికకో బడి గోడకో అడుగుడి, మా వంతు మొదట ఇత్తుమని చెప్పి, నిజముగా మొదట ఇయ్యవలెను. ఇచ్చెదమని చెప్పి ఇయ్యనివారి వలన దూషణ రెండింతలగును.

కోడిపందెముల బరి యొద్ద కనబడు మన యువకులను గూర్చి వ్రాయుటకు స్థలము లేదు. వారు చదువుచుందురు, అంతే చాలును.

రెండవ అధ్యాయములో దాసులకు చెప్పిన మాట కూలి చేయు మనవారికి చెందును: యజమానుని సొత్తు అపహరింపక నమ్మకముగా నుండి బోధను అలంకరింపవలెను. సువార్తకు నగ పెట్టు పని పౌలు బిషప్పులకు ఇయ్యలేదు, దాసులకు ఇచ్చెను! కొబ్బరితోటలో దింపునకును ఒలుపునకును పోవు సహోదరుడు, రొయ్యల చెరువు కాపున్న సహోదరుడు, లెక్క తప్పని చేతితో ఆ నగ పెట్టుచున్నారు.

వృద్ధ స్త్రీలు యౌవన స్త్రీలకు నేర్పవలెనని యున్నది. మన లంకలలో నేడు ఇది అక్షరాల జరుగుచున్నది. తల్లులు కువైటుకో మస్కటుకో ఇంటిపనికి పోయిరి. బిడ్డలను అమ్మమ్మలు, నాయనమ్మలు పెంచుచున్నారు. శుక్రవారమున కువైటులో కూడు తెలుగు సంఘములలో మన స్త్రీలు పాడుచున్నారు. సెలవు దొరకనివారు వంటయింటిలో పెదవులు కదపక ప్రార్థించుచున్నారు. ఇచ్చట అవ్వ దీపము వెలిగించి, మనుమరాలి చేత పత్రిక చదివించుచున్నది. తీతు వీరిని చూచినయెడల తన దిగులు కొంత మరచును.

పత్రిక ముగింపులో పౌలు పెద్ద మాటలేమియు చెప్పలేదు. ధర్మశాస్త్రవేత్తయైన జేనాను, అపొల్లోను ప్రయాణమునకు సాగనంపుము, వారికి ఏమియు తక్కువ కాకుండ చూడుము, మనవారు అవసరములకు తగిన సత్‌క్రియలు చేయ నేర్చుకొనవలెను అని వ్రాసెను. మన సంఘములలోను ఆ గడిని గూర్చి మనస్సు నొచ్చుకొనుచున్న కుటుంబములు కలవు. వారిని ఇంటికి పోయి కలిసికొని, చట్టము తెలిసిన ఒక విశ్వాసిని వెంట తీసికొనిపోయి, ఆ బిడ్డ ఈ యేటి ఫీజు ఎంతో అడుగుడి.