పేర్లను మోసేదెవరు

ప్రాగ్ నగరంలో పాత ఊరి కూడలికి వెళ్ళినవాళ్ళెవరూ ఒక కథ వినకుండా వెనక్కి రారు. టౌన్‌హాల్ గోడకున్న ఖగోళ గడియారం కింద గంటగంటకీ గుంపులు చేరతాయి. ఒక్కో గుంపు ముందు రంగు గొడుగు ఎత్తి పట్టుకుని ఒక గైడు. స్పానిష్‌లో, జర్మన్‌లో, కొరియన్‌లో, ఇంగ్లిష్‌లో అందరూ చెప్పేది ఒకటే. ఈ గడియారాన్ని హనుష్ అనే పనివాడు చేశాడట. ఇలాంటిది ఇంకో ఊళ్ళో ఉండకూడదని నగర పెద్దలు రాత్రివేళ మనుషుల్ని పంపి, కాల్చిన ఇనప చువ్వతో అతని కళ్ళు పొడిపించారట. చూపు పోయిన హనుష్ తడుముకుంటూ గోపురం ఎక్కి, యంత్రంలో చెయ్యి పెట్టి దాన్ని ఆపేశాడట. ఆ తర్వాత ఏళ్ళ తరబడి దాన్ని బాగుచేసే నాథుడే లేకపోయాడట.

ఇందులో కళ్ళు పొడవడం అబద్ధం, గడియారం చేసింది హనుష్ అన్నదీ అబద్ధం. గడియారం 1410 నాటిది. చేసినవాడు కాదన్ ఊరి మికులాష్. గ్రహగతుల లెక్కల్లో అతనికి తోడున్నది యాన్ షిండెల్ అనే విశ్వవిద్యాలయ పండితుడని చెబుతారు. హనుష్ చాలాకాలం తర్వాత దాని మీద పనిచేసిన మరో గడియారాల పనివాడు. పేరు మాత్రం శతాబ్దాలపాటు అతనికే దక్కింది. 20వ శతాబ్దంలో చరిత్రకారులు పాత పత్రాలు తిరగేస్తే గానీ మికులాష్‌కు రావలసింది రాలేదు. ఇప్పటికీ పత్రాల్లో మికులాష్ ఉన్నాడు, జనం నోట హనుష్ ఉన్నాడు.

మా గైడు చరిత్ర చదువుకున్న మనిషి. నడకలో పక్కకు వచ్చినప్పుడు అడిగాను, ఇది నిజం కాదని మీకూ తెలుసు కదండీ అని. ఆవిడ నవ్వింది. "తెలుసు. షిండెల్ లెక్కలు మొదలుపెడితే మీలో సగం మంది కాఫీకి వెళ్ళిపోతారు. కళ్ళు పొడిచారంటే ఒక్కరూ కదలరు" అంది. తప్పు పట్టడానికి ఏమీ లేదు. టికెట్టు లేని టూరు అది. చివర్లో మనం ఇచ్చే టిప్పే ఆమె జీతం. రెండు మూడు గంటల్లో ఆరు వందల ఏళ్ళు చూపించాలి, ఎండలో నిలబడ్డ పాతికమందిని చెదిరిపోకుండా పట్టి ఉంచాలి. ఆ పనికి కథను మించిన పనిముట్టు లేదు.

పైగా ఈ కథ ప్రాగ్ సొంతం కూడా కాదు. మాస్కోలో సెయింట్ బాసిల్ చర్చి కట్టినవాడి కళ్ళు జారు ఇవాన్ తీయించాడంటారు. ఆగ్రాలో గైడు తాజమహల్ ముందు నిలబెట్టి, షాజహాన్ పనివాళ్ళ చేతులు నరికించాడంటాడు. దేనికీ ఆధారం లేదు. అయినా దేశదేశాల జనం ఒకే నేరాన్ని ఊహించుకున్నారంటే ఊరికే ఊహించలేదు. గొప్ప కట్టడాన్ని చూసినప్పుడల్లా కట్టించినవాడి మీద వాళ్ళకో అనుమానం: ఇంత పని చేయించుకున్నవాడు చేసినవాణ్ణి ఏం చేసి ఉంటాడు? పాలంపేటలో మన జనం ఇదే లెక్కను ఇంకోలా తేల్చారు. అక్కడి 1213 నాటి శాసనంలో గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి పేరుంది. జనం మాత్రం రామప్ప గుడి అంటారు, రామప్ప శిల్పి పేరు అంటారు. పొగిడినా జాలిపడినా కథ చేసే పని ఒకటే. మొహం తెలియని పనితనానికి ఒక మొహం పెడుతుంది. ఆ మేరకు హనుష్ కథను నేను తప్పనను.

నన్ను ఆపింది దాని పక్కనే ఉన్నది. గడియారం ముందు నుంచి గోపురం మూల తిరిగితే నేలమీద తెల్లరాళ్ళతో పొదిగిన 27 శిలువలు కనిపిస్తాయి. 1620లో వైట్ మౌంటెన్ యుద్ధంలో బొహీమియా ప్రభువులు హబ్స్‌బర్గ్ చక్రవర్తి చేతిలో ఓడిపోయారు. మరుసటి ఏడు జూన్ 21న ఆ తిరుగుబాటు నాయకుల్లో 27 మందిని ఇక్కడే చంపారు. ముగ్గురు ప్రభువులు, ఏడుగురు నైట్‌లు, పదిహేడు మంది పట్టణ పెద్దలు. పన్నెండు తలల్ని చార్లెస్ వంతెన గోపురానికి వేలాడదీసి, పదేళ్ళు జనానికి చూపించారు. పేర్లన్నీ టౌన్‌హాల్ గోపురం గోడకున్న ఫలకం మీద ఉన్నాయి. గైడు చెప్పింది ఒక్కరి గురించే. యాన్ యెసెన్‌స్కీ అనే వైద్యుడు. 1600లో ప్రాగ్‌లో జనం ముందు మనిషి శవాన్ని కోసి శరీర నిర్మాణం చూపించినవాడు. అతని నాలుక కోసి, ఆ తర్వాత తల నరికారు. మిగతా ఇరవై ఆరుగురూ "మిగతావాళ్ళు" అయిపోయారు. మా గుంపులో ఇద్దరు శిలువల మీదే నిలబడి సెల్ఫీ తీసుకున్నారు. వాళ్ళు తెలిసి చేసింది కాదు, నేల అలా ఉంది.

జరగని కళ్ళు పొడవడానికి ఐదు నిమిషాలు పట్టింది, జరిగిన నాలుక కోతకు ఒక నిమిషం చాలింది. ఎందుకని ఆలోచిస్తే కారణం తేలిగ్గానే దొరుకుతుంది. హనుష్ కథలో ఒక మనిషి, ఒక అన్యాయం, ఒక ప్రతీకారం ఉన్నాయి. దుర్మార్గులు ఎవరో పేర్లులేని పెద్దలు. వినేవాడికి ఏమీ తెలియక్కర్లేదు. ఇరవై ఏడు మంది చావు అలా కాదు. అక్కడ విచారణ జరిగింది, తీర్పు రాశారు, జాబితా కట్టారు, వేదిక కట్టడానికి వడ్రంగుల్ని పెట్టారు. ప్రొటెస్టెంట్లెవరు, కేథలిక్కులెవరు, చక్రవర్తికి ఊరు ఎందుకు ఎదురు తిరిగింది అని మొదలుపెడితే పొద్దుపోతుంది. అసలైన క్రౌర్యానికి ఎప్పుడూ కాగితాలు ఎక్కువ. అందుకే అది చెప్పడానికి వీలుగా ఉండదు.

చార్లెస్ వంతెన మీద ఇదే ఇంకో రూపంలో కనబడింది. అక్కడి ముప్పై శిల్పాల్లో జనం తాకేది ముఖ్యంగా ఒకదాన్ని: 1683లో నిలబెట్టిన నెపోముక్ యాన్ కంచు విగ్రహం. దాని పీఠానికున్న పలకలు చేతులు రుద్దీ రుద్దీ బంగారంలా మెరుస్తుంటాయి. రాణి తన పాపాలను చెప్పుకున్న మాటలు రాజుకు చెప్పనన్నందుకు ఈ పాదిరీని నదిలో తోయించారని కథ. 1393లో వాస్తవంగా నడిచింది ఒక అధికార తగువు. ఒక మఠానికి అధిపతిని ఖాయం చేయడంలో రాజుకూ ఆర్చిబిషప్‌కూ చెడింది, ఆర్చిబిషప్ కింద పనిచేసే ఈయన దొరికిపోయాడు. చిత్రహింసలు పెట్టి వ్‌ల్తావా నదిలో పారేశారు. అప్పుడూ ఇప్పుడూ ప్రభుత్వాల్లో పైవాళ్ళ తగువు కిందివాడి ప్రాణం మీదికి వస్తుంది. కానీ నియామకపు ఫైలు కోసం చచ్చినవాడి విగ్రహాన్ని ఎవరు తాకుతారు? రాణి రహస్యం దాచినవాడయ్యాక 1729లో ఆయన సెయింట్ అయ్యాడు, తాకితే మంచి జరుగుతుందన్నారు.

అక్కడి నుంచి యోసెఫోవ్‌కి, అంటే పాత యూదుల పేటకి నడిచాం. ఇక్కడి కథ గోలెం. 1609లో పోయిన రబ్బీ (యూదుల మతగురువు) లేవ్ మట్టితో ఒక మనిషిని చేసి, ప్రాణం పోసి, తనవాళ్ళమీదికి వచ్చే దౌర్జన్యాల నుంచి కాపలా పెట్టాడంటారు. పని అయ్యాక ఆ మట్టిబొమ్మను పాత సినగాగ్ (ప్రార్థనా మందిరం) అటక మీద పడేశాడంటారు. రబ్బీ నిజంగా ఉన్నాడు, గొప్ప పండితుడు. గోలెంను ఆయనతో ముడిపెట్టిన రాతలు మాత్రం ఆయన పోయిన రెండు వందల ఏళ్ళ తర్వాతివి. దుకాణాల్లో మట్టి గోలెం బొమ్మలు అమ్ముతున్నారు. పిల్లలు కొనిపించుకుంటున్నారు.

ఆ అటకకు రెండు వీధుల అవతల పింకాస్ సినగాగ్ ఉంది. గైడు బయటే ఆగిపోయింది. "లోపల నేను చెప్పేదేమీ లేదు, మీరే చూసి రండి" అంది. ఆ టూరు మొత్తంలో నాకు బాగా నచ్చిన మాట అదే.

లోపల గోడల నిండా, కింది నుంచి పైదాకా పేర్లు. బొహీమియా, మొరావియాల నుంచి నాజీలు చంపిన దాదాపు 80 వేల మంది యూదులవి. ఊరిపేరు, దాని కింద ఎర్రరంగులో ఇంటిపేరు, ఆ పక్కన నల్లగా మనిషి పేరు, పుట్టిన తేదీ, ప్రాణంతో ఉన్నట్టు తెలిసిన చివరి తేదీ. అక్షరాలు చిన్నవి, చేత్తో రాసినవి. ఒక ఎర్ర పేరు పట్టుకుని చదివాను. ఆ ఇంట్లో పుట్టిన తేదీలు తాతకూ మనవరాలికీ అరవై ఏళ్ళ తేడాతో ఉన్నాయి. చివరి తేదీ అందరికీ ఒకటే. ఇంట్లో ఎవరెవరికి పడేది కాదో, ఎవరు బాగా పాడేవాళ్ళో ఏమీ లేదు. మట్టిమనిషి ఎవరూ రాలేదన్నది మాత్రం ఆ గోడమీద తెలుస్తోంది.

పై అంతస్తులో తెరెజీన్ నిర్బంధ శిబిరంలోని పిల్లలు వేసిన బొమ్మలు ఉన్నాయి. వాళ్ళకు బొమ్మలు నేర్పిన చిత్రకారిణి ఫ్రీడ్ల్ డికర్ బ్రాండైస్. 1944లో ఆమెను ఆష్విట్జ్‌కి తరలించే ముందు దాదాపు నాలుగున్నర వేల బొమ్మల్ని రెండు సూట్‌కేసుల్లో దాచిపెట్టింది. ఆమె తిరిగి రాలేదు, బొమ్మలు దొరికాయి. చాలా బొమ్మల మీద పిల్లల పేర్లున్నాయి.

ఈ గోడకు ఒక చరిత్ర ఉంది. పేర్లను మొదట ఇద్దరు చిత్రకారులు 1950లలో రాశారు. 1968లో నేలలోంచి నీళ్ళూరి భవనం పాడవుతోందని మూసేశారు. కమ్యూనిస్టు ప్రభుత్వం దాన్ని అలాగే ఉంచింది, మరమ్మతుల పేరుతో సాగదీసింది, రాతలు పోయాయి. ప్రభుత్వం మారాక, 1990లలో అన్ని వేల పేర్లనూ మొదటి నుంచి మళ్ళీ రాశారు. అంటే మనం చూసేది రెండోసారి రాసినది. ఇరవై ఏళ్ళకు పైగా ఆ పేర్లు జనానికి కనబడలేదు. ఆ ఇరవై ఏళ్ళలోనూ హనుష్ కళ్ళు పోతూనే ఉన్నాయి, గోలెం అటక మీద ఉంటూనే ఉంది. వాటిని ఎవరూ మూసెయ్యలేకపోయారు, మరమ్మతూ అక్కర్లేకపోయింది.

కథను జనం ఖర్చు లేకుండా మోస్తారు. అమ్మమ్మ నుంచి మనవడికి, గైడు నుంచి గుంపుకు అది నడిచిపోతుంది. దారిలో నాలుగు చోట్ల మారుతుంది, ఇంకా బలపడుతుంది. పేరు అలా నడవదు. దాన్ని మోయాలంటే ఎవరో జాబితా సరిచూడాలి, నిచ్చెన ఎక్కాలి, రంగు కలపాలి, గోడకు చెమ్మ ఎక్కకుండా చూడాలి, ఆ పనికి జీతం ఇవ్వాలి. చెయ్యకపోతే ఏమవుతుందో మా టూరు ముగిసిన వెన్సెస్లాస్ స్క్వేర్‌లోనే తేలింది. 2020లో అక్కడ వీధి బాగుచేస్తూ పాత రాళ్ళు పెకలిస్తే కొన్నింటి అడుగువైపు హీబ్రూ అక్షరాలు, తేదీలు బయటపడ్డాయి. 1980లలో యూదుల సమాధి రాళ్ళను కోసి, రాతలు కిందికి పెట్టి, బాటకు పరిచారు. అన్నేళ్ళూ జనం వాటి మీద నడిచారు. యూదుల సంఘం వాటిని తీసుకెళ్ళి పాత శ్మశానంలో పెట్టింది.

కథల్ని తీసేసి టూర్లలో పేర్లే చదవాలని నా ఉద్దేశం కాదు. ఎనభై వేల పేర్లు ఎవరూ చదవలేరు. నేనూ ఒక మూల గోడ చదివేసరికి కళ్ళు అలసి, అక్షరాలు అలుక్కుపోయాయి. అప్పుడే తట్టింది, ఆ గోడను నేను మొత్తం చదవనక్కర్లేదని. కథ వినేవాడి కోసం పుట్టింది, వాణ్ణి నిలబెట్టాలి, మెప్పించాలి, టిప్పు ఇప్పించాలి. టూరు పొడుగునా ఊరంతా మనతోనే మాట్లాడుతోందనిపిస్తుంది. పింకాస్ గోడ మాత్రం నాతో మాట్లాడలేదు. ఎప్పుడో ఒకసారి ఒక మనవరాలు ఏ దేశం నుంచో వచ్చి తన ఇంటిపేరు వెతుక్కుంటుంది. ఆమెకు ఒక్క వరస చాలు. ఆ ఒక్క వరస తప్పకుండా దొరకాలంటే మిగతా ఎనభై వేలూ సరిగ్గా ఉండాలి. ఆమె వచ్చేదాకా గోడ తడవకూడదు. ఆ సినగాగ్ తలుపు దగ్గర నాలాంటి సంబంధం లేనివాళ్ళు కొనే టికెట్టు ఆ పనికి పోతుంది. కథలు నావి, డబ్బిచ్చి విన్నాను. పేర్లు నావి కావు, వాటికీ డబ్బిచ్చాను. పరాయి ఊరు చూడబోయినవాళ్ళు ఆ ఊరికి చెయ్యగలిగిన వాటిలో ఇది చిన్నదేం కాదు.