ఊరికే వచ్చే కట్టెలు

చలిదేశాల్లో పిల్లలు ఆడుకోవడానికి నీళ్లు గడ్డకట్టించి, చుట్టూ గోడలు కట్టి, కప్పు వేసిన హాళ్లుంటాయి. గీతలు పడిన మంచును నున్నగా చేయడానికి ఓ బండి తిప్పుతారు. తలుపులు మూసి ఉంటే దాని పొగ ఎక్కడికి పోతుంది చెప్పండి! 1987 ఫిబ్రవరిలో అమెరికాలోని మిన్నెసోటాలో హాకీ ఆటకు వెళ్లిన వందమందికి పైగా దగ్గుతో, ఛాతీనొప్పితో అవస్థపడ్డారు. నైట్రోజన్ డయాక్సైడ్ చేసిన పని అది. ఆ రాష్ట్రంలో 1973 నుంచే అలాంటి హాళ్ల గాలికి నిబంధనలున్నాయి.

ఇది చదివాక నాకు మా బొల్లాపల్లి వంటిళ్లు గుర్తొచ్చాయి. మంచుకీ పల్నాటి ఎండకీ పొత్తేమిటంటారా? మూసిన గది, మంట, మధ్యన మనిషి. రెండుచోట్లా ఉన్నవి అవేగా! తమాషా ఏమిటంటే, అక్కడ చాలా బళ్లలో మండేది ప్రొపేన్. మన గ్యాసుబండలోనూ బ్యూటేన్‌తో పాటు అదే ఉంటుంది. అక్కడి తంటా ఇక్కడ వరం.

పెద్దమ్మకు ఆ వరం లేకపోలేదు. 1999లో దీపం వచ్చింది, 2016లో ఉజ్వల వచ్చింది. 2024 నవంబరులో దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమన్నారు. అయినా ఆవిడ లెక్క ఆవిడదే.

"టీకి గ్యాసు, అన్నానికి కట్టెలు. మూడు బండలు ఏడాదంతా వస్తాయా? పత్తికట్టె చేలో ఊరికే వస్తుంది కదే అమ్మాయ్!"

ఊరికేనా? కట్టె పీకేది ఆవిడ, మోపు మోసేది ఆవిడ, వానాకాలం తడికట్టె అంటుకోకపోతే గొట్టంతో ఊదేది ఆవిడ. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో ఇళ్లలోని పొయ్యిపొగ వల్ల 32 లక్షలమంది చనిపోయారు. ఊపిరికి ఖరీదు కట్టకపోతే ఏ కట్టెయినా ఊరికే వచ్చినట్టే ఉంటుంది.

ఆటలహాలుకు యజమాని ఉంటాడు. పిల్లవాడు దగ్గితే తల్లీతండ్రీ వెళ్లి నిలదీయొచ్చు. వంటింట్లో దగ్గితే ఎవర్ని నిలదీయాలి? తెలిసీ ఆవిడే వెలిగించుకుంది కదా అంటారు కొందరు. ఎంచుకోవాలంటే రెండూ చేతికి అందాలి కదండీ! పత్తి అమ్మిన డబ్బు పెదనాన్న జేబులో ఉంటుంది. పురుగుమందుకైతే అప్పయినా తెస్తారు. సిలిండరు అయిపోయిందంటే మాత్రం, "కట్టెలున్నాయిగా" అంటారు. ఆ మాట అన్న మనిషి ఆ పొగలో పావుగంట కూర్చున్న పాపాన పోలేదు.

మొన్నామధ్య కోడలు పొయ్యిని వసారాలోకి మార్చింది. గాలికి మంట నిలవదని పెద్దమ్మ గొణిగింది. పెదనాన్న నులకమంచం మీంచి లేచి, దగ్గుతూ, "ఏమిటే ఈ పొగ!" అన్నారు. సిలిండరు మర్నాడే వచ్చింది.