నీలి గుర్రం చూపు

పసిపిల్లల బొమ్మల పుస్తకాల్లో జంతువుల చేత మాట్లాడించడం అబద్ధం నేర్పడమేనా? ఈ చిన్న ప్రశ్న వెనక పెద్ద ప్రశ్న ఒకటుంది: జంతువు మన కోసం ఉందా, తన కోసం తానుందా? బిల్ మార్టిన్ జూనియర్ రాయగా ఎరిక్ కార్ల్ బొమ్మలు వేసిన ‘బ్రౌన్ బేర్’ 1967లో వచ్చింది. ఏం చూస్తున్నావని అడిగితే ఎలుగుబంటి ఎర్ర పిట్టనంటుంది, పిట్ట పసుపు బాతునంటుంది. రంగు కాగితాలు కత్తిరించి అతికించిన ఆ బొమ్మల్లో గుర్రం నీలం, పిల్లి ఊదా. లయ పట్టుబడగానే ‘ఏం చూస్తున్నావు’ అన్న ప్రశ్న పిల్లల నోటే వస్తుంది. వేదాంతం చూసేదాన్ని దృక్కు అని, కనబడేదాన్ని దృశ్యమని అంటుంది. ఇక్కడ ఒక పేజీలో దృశ్యమైన ప్రాణి, పేజీ తిప్పగానే దృక్కు అవుతుంది.

గుర్రం నీలంగా ఉండదు కదా అనవచ్చు. నిజమే. రంగు సంగతి పిల్లలు తొందరగానే తెలుసుకుంటారు. గుర్రానికీ చూపుందన్న నిజం మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి. ఇందులో నీతి లేదే అన్నది ఇంకాస్త బరువైన ఆక్షేపణ. చిన్నయసూరి 1853లో అచ్చు వేయించిన నీతిచంద్రిక మీద నాకెంతో గౌరవం. కానీ నీతికథలో నక్క మనిషి జిత్తులకు వేసిన వేషం; నక్క బతుకు అందులో లేదు. శ్రీకాళహస్తి స్థలపురాణం దారి వేరు. సాలీడు గూడల్లింది, పాము మణులు తెచ్చింది, ఏనుగు తొండంతో నీళ్లు పోసింది. తమ తమ పద్ధతుల్లో అవి శివుణ్ణి కొలిచి ముక్తి పొందాయి. ఊరి పేరులో మూడూ ఉన్నాయి. జంతువుకూ తనదైన బతుకుందని ఈ కథలాగే ‘బ్రౌన్ బేర్’ కూడా చెబుతుంది. అందుకే, ఆ పుస్తకం చదివి వినిపించాక నీతేమిటని పిల్లల్ని వెంటనే అడక్కండి. ఆ గుర్రాన్ని కాసేపు చూడనివ్వండి.