మత్తు దిగాక మిగిలే రుచి

జల్‌పల్లి దగ్గర పహాడీషరీఫ్ గుట్ట మీద బాబా షర్ఫుద్దీన్ దర్గాకు మతంతో పని లేకుండా జనం వస్తారు. అక్కడైనా, వాడకట్టులోని పోచమ్మ గుడిలోనైనా, మత్తుకు బానిసైన కొడుకు కోసం తల్లి మొక్కేది ఒకటే: వాడు మానెయ్యాలి. మానేశాక ఎట్లా బతకాలన్నది ఆ మొక్కులో ఉండదు. గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు అంటాడు, ఉపవాసమున్నవాడి నుంచి విషయాలు తొలగుతాయి గాని వాటి మీది రుచి పోదని, పరతత్వాన్ని చూసినప్పుడే అదీ పోతుందని. డీఅడిక్షన్ కేంద్రం చేయగలిగేది మొదటి సగం. రెండో సగం దేవుడికీ ఆ కుర్రాడికీ మధ్య వ్యవహారమని మనం తప్పుకుంటాం. నిజానికి అందులో ఇంటికీ, వీధికీ వాటా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జీవన నాణ్యతను కొలవడానికి వాడే 26 ప్రశ్నల్లో ఒంటి నొప్పులూ నిద్రే కాదు, స్నేహితుల అండ ఎంత, చేతిలో డబ్బు సరిపోతోందా, బతుక్కి అర్థం ఉందనిపిస్తోందా అన్నవీ ఉన్నాయి. ఇవి మత్తు జాడ పట్టే మూత్ర పరీక్షలో తేలేవి కావు. సత్సంగం మహిమ మనకు కొత్త కాదు. అలాంటిదే, తాగుడు మానినవాళ్లు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అమెరికాలో మొదలైంది. దాని మీద జరిగిన 27 అధ్యయనాలను 2020లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష పరిశీలించింది. మళ్లీ ముట్టకుండా నిలబడటంలో, ఆ బృందాల్లోకి పద్ధతిగా చేర్పించడం పేరున్న ఇతర చికిత్సల కంటే మెరుగని తేల్చింది.

మనసు గట్టిదైతే చాలు, ఇదంతా ఎందుకని అడిగేవారున్నారు. 2015లో నిజామాబాద్, మెదక్ వైపు కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు, అల్ప్రాజోలం అనే మత్తుమందు కలిపిన ఆ కల్లుకు అలవాటు పడినవాళ్లు ఫిట్స్‌తో, భ్రమలతో ఆస్పత్రుల పాలయ్యారు. అది సంకల్పలోపం కాదు, ఒంటి సంగతి. అలాగే హెరాయిన్ లాంటివి మానడానికి డాక్టరు పర్యవేక్షణలో బుప్రెనార్ఫిన్ వాడేవాణ్ణి ఇంకా మత్తులోనే ఉన్నాడని తీసిపారేసే భక్తులున్నారు. ఆ మందు 2005 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది. మందు వేసుకున్నంత మాత్రాన జపానికి పనికిరాకుండా పోతాడా? ఇక గట్టి అభ్యంతరం ఇంటివాళ్లదే. బంగారం అమ్మి తాగినవాణ్ణి మళ్లీ ఎట్లా నమ్మాలి? ఆ కోపం న్యాయమైనదే. గుడ్డిగా నమ్మమని ఎవరూ అనడం లేదు. బీరువా తాళం ఇవ్వనక్కర్లేదు. చెల్లెలి పెళ్లి మాటల్లో అతన్నీ కూర్చోబెట్టవచ్చు, దుకాణంలో సరుకు దించే పని అప్పగించవచ్చు, జాతరలో అన్నదానం వడ్డన అతని చేతిలో పెట్టవచ్చు. గల్లా పెట్టె సంగతి వచ్చే ఏడాది చూసుకోవచ్చు.