వరదబాధితులకు మనము చేయునది దానమా, ఋణవిమోచనమా?

వరద వచ్చినప్పుడు మన హృదయములు కరగును. నీరు తీసిపోయిన వెంటనే మన వివేకము నిద్రించును. అన్నపు పొట్లములు పంచి, పాతబట్టలిచ్చి, చందాపట్టీలో పేరు వ్రాయించుకొనిన మాత్రమున మన ధర్మము తీఱినదా యనునది విజ్ఞులు విచారింపవలసిన ప్రశ్నము.

2020వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీన బంగాళాఖాతమున బుట్టిన వాయుగుండము కాకినాడ చేరువను తీరము దాటి తెలంగాణము మీదికి వచ్చెను. ఘటకేసరు ప్రాంతమున నొక్క దినములో 300 మిల్లీమీటర్లకు మించి వాన కురిసెను. హైదరాబాదునకు ఉత్తరమున, మేడ్చలు త్రోవలో కొంపల్లి సమీపముననున్న ఫాక్సుసాగరు చెఱువు నిండి, దానిని చేరియున్న ఉమామహేశ్వర కాలనీ మునిగెను. నీరు దినములకొలది యిండ్లలో నిలిచెను. ప్రభుత్వము నగరమందలి బాధిత కుటుంబములకు 10,000 రూపాయల చొప్పున సాయము ప్రకటించెను.

ఇట్టి సమయములందు, "చెఱువులో నిల్లు కట్టుకొన్నవానికి సాయమేల? అది వాని స్వయంకృతము గదా" యని కొందఱు విద్యావంతులే వాదింతురు. ఈ వాదము న్యాయమువలె దోచును, విచారించిన నిలువదు. శిఖము భూమి యనగా చెఱువు నిండినప్పుడు మునుగు భూమి. దాని పట్టాదారునకు నీరు తీసిన పిమ్మట సాగుచేసికొను హక్కు కలదు. నీటిని వెళ్లగొట్టు హక్కు లేదు. అట్టి భూమిని ముక్కలు చేసి యమ్మినవాడొకడు, దస్తావేజు వ్రాసినవాడొకడు, కట్టడమునకు అనుమతి యిచ్చినవాడొకడు, చూచియు చూడనట్లున్నవారు పెక్కుమంది. లాభము పదిమంది పంచుకొనిరి; మునుగుట మాత్రము కడపట కొన్నవాని వంతయ్యెను. అమ్మినవాడు మెట్టమీద సుఖముగా నున్నాడు.

మఱికొందఱిది దైవశిక్ష యందురు. వర్షము దైవాధీనమగు గాక. నేలబడిన నీటి త్రోవ మనుష్యాధీనము. శామీరుపేట, మేడ్చలు ప్రాంతముల చెఱువులను, కుంటలను చూచినవారికి ఇది తెలియును. పై చెఱువు మత్తడి దూకిన నీరు వాగువెంట క్రింది చెఱువునకు బోవును. కావున పైయూరివారు తమ కట్టను కాపాడుకొనుట తమ పైరుకొఱకే గాక, తామెన్నడు చూడని క్రిందియూరివారి ప్రాణములకొఱకును. ఈ గొలుసులో నొక కాలువను పూడ్చినవాడు తన నేలమీదనే యున్నానని తలచినను, పొరుగువాని గడపమీద కాలుమోపినవాడే.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదున సుమారు 15,000 మంది మరణించిరని చెప్పుదురు. పిమ్మట మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు పరిశోధింపగా, నదీప్రాంతమందలి 788 చెఱువులలో 221 తెగినట్లు తేలెను. నగరమును ముంచినది నదియొక్కటియే గాదు, ఎగువ కట్టలు తెగుటయు గూడ. ఆ పరిశోధన ఫలముగా 1920లో ఉస్మానుసాగరును, 1927లో హిమాయతుసాగరును సిద్ధమయ్యెను. నాడు గంజి పోసినవారి దయ స్తుత్యమే; కాని కారణము వెదకి, ధనము వెచ్చించి, పుట్టబోవువారిని గాపాడిన శ్రమ యంతకంటె గొప్పది.

అయిన మునిగినవానిని చెఱువులోనే నిలుపుదమా? కూడదు. వానికి తగిన వేఱొక చోట గౌరవముతో గృహము కల్పింపవలెను. చెఱువు చోటు చెఱువునకు విడువవలెను. అందుకగు వ్యయమును మొదట లాభము పొందినవారు, పిదప మెట్టమీద నున్న మనమందఱము భరింపవలెను. బీదవానిని త్రోలివేసి చెఱువును బాగుచేసితిమనుట యొక యన్యాయమును మఱియొక యన్యాయముతో కప్పుటయే.

సోదరులారా! రాబోవు వానకారునకు ముందు మీ యింటి దస్తావేజులను తెఱచి చూడుడు. మీ స్థలము క్రింద నేవాగు త్రోవ యున్నదో విచారింపుడు. చందా యిచ్చుటకు ముందు తీర్పవలసిన ఋణ మందు గానవచ్చినయెడల, దానిని తీర్చుడు.